పూనమ్ గడ్డం

నాందేడ్ ఇటవారాలో దిగి దాఢీ శివరాం, అంటే గడ్డం శివరాం, దుకాణం ఎక్కడని అడగండి. చెప్పులు కుట్టేవాడైనా చూపిస్తాడు, చాయ్ పోసేవాడైనా చూపిస్తాడు. చెప్పిన దారినే పోతే రెండు కుర్చీలు, అంచులు మసకబారిన అద్దం, గోడకు మాహూర్ రేణుకమ్మ పటం ఉన్న చిన్న క్షౌరశాల కనిపిస్తుంది. లోపల యాభై దాటిన ఒక మనిషి, నున్నని దవడలతో, బోడితలతో, తువ్వాలు దులుపుతూ ఉంటాడు. దాఢీ శివరాం ఎప్పుడొస్తాడని ఆయన్నే అడిగిన వాళ్ళున్నారు. "నేనే" అంటాడాయన. అంతకు మించి ఒక్క ముక్క చెప్పడు.

మొన్నటిదాకా ఆ దవడల కింద ఛాతీ నిండా గడ్డం ఉండేది. వయసులో నల్లగా, తర్వాత బూడిద రంగులో, చివరికి నడుమ ఒక్క నల్లచార మిగిలి తక్కినదంతా తెల్లగా. అంత బారు గడ్డమైనా ఎప్పుడూ చెదిరి ఉండేది కాదు. గురుద్వారాకు పోయే ముసలి సర్దార్జీ ఒకాయన, బతుకులో ఎన్నడూ మంగలి దుకాణంతో పని పడనివాడు, ఆ ఒక్క దుకాణం ముందు మాత్రం ఆగి, లోపలికి తొంగి చూసి, మెచ్చుకోలుగా తల ఊపి పోయేవాడు. గడ్డాలు తీసి బతికేవాడికి అంత గడ్డమేంటని ఎగతాళి చేసినవాళ్ళూ లేకపోలేదు. మిఠాయి అమ్మేవాడు దినమంతా మిఠాయే తింటాడా అని శివరాం ఎదురడిగేవాడు.

ఒక ఏడు గణపతి పండుగకు గల్లీ మండలి కుర్రాళ్ళు గడ్డాల పోటీ పెట్టారు. కాలేజీ పిల్లలు నూనెలు రాసుకుని, మీసాలు మెలేసుకుని వరసగా నిలబడ్డారు. శివరాంను బలవంతాన ఎక్కించారు. చప్పట్లు ఎవరికి పడ్డాయో చెప్పనక్కరలేదు. తలకు ఫేటా చుట్టి, మైకు చేతికిచ్చి, ఇంత గడ్డం ఇంత తీరుగా ఉండటంలో మర్మమేంటో చెప్పమన్నారు.

"మర్మం ఏం లేదు. మా కైలాస్ అన్న కత్తిరిస్తడు, నేను ఊకుంట," అన్నాడు శివరాం.

జనమంతా నవ్వారు. కింద నిలబడ్డ కైలాస్ నవ్వలేదు. ఫేటా తోక గడ్డం ఎడమ పక్కను నొక్కేస్తోందని చేత్తో సైగ చేసి, అది సర్దుకునే దాకా కళ్ళు తిప్పలేదు.

కైలాస్‌ది, శివరాంది దెగ్లూర్ పక్క పల్లెలు. దెగ్లూర్‌లో ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నారు. శివరాం చేరేనాటికే కైలాస్ కత్తి పట్టాడు కాబట్టి అన్న అయ్యాడు. ఆ ఉస్తాద్‌కు కొడుకులు లేరు. ఆయన పోయినప్పుడు శిష్యులిద్దరూ కొడుకుల్లా కూర్చుని తలలు గొరిగించుకున్నారు. ఆ పనివాళ్ళలో అది మామూలే. చేతికి కత్తి ఇచ్చినవాడు తండ్రి కింద లెక్క, పక్కన కత్తి నూరినవాడు తోడబుట్టినవాడి కింద లెక్క. తర్వాత ఇద్దరూ నాందేడ్ వచ్చి చెరొక వీధిలో దుకాణం పెట్టుకున్నారు. ఒకరి గిరాకీని ఒకరు ఎన్నడూ లాక్కోలేదు.

దుకాణాలు మూసి ఉండే సోమవారం పొద్దున కైలాస్ వచ్చేవాడు. తలుపు సగం వేసి శివరాంను కుర్చీలో కూర్చోబెట్టేవాడు. గోరువెచ్చని నీళ్ళతో గడ్డం తడిపి, దువ్వెనతో కింది నుంచి పైకెత్తి వదిలేవాడు. వదిలినప్పుడు ఏ వెంట్రుక మాట వినకుండా బయట నిలబడుతుందో దాన్నే కత్తిరించేవాడు. కత్తిరించే ముందు జేబులోంచి పిడికెడు వేయించిన పల్లీలు తీసి శివరాం నోట్లో పోసేవాడు.

"నములు. ఊకున్న మొఖానికి గడ్డం ఎవడన్న దిద్దుతడు. మాట్లాడే మొఖానికి, తినే మొఖానికి దిద్దాలె."

శివరాం నములుతూ ఉండేవాడు. దవడ కదులుతుంటే దాని వెంటే కత్తెర కదిలేది. గడ్డం మొలిచిన నాటి నుంచీ ఆ చెయ్యి తప్ప మరో చెయ్యి దానికి కత్తెర పెట్టలేదు.

అసలది మొలిచిందే ఒక భయం వల్ల. శివరాం భార్య పార్వతీబాయికి మొదటి కాన్పులో మగబిడ్డ పుట్టీ పుట్టగానే పోయాడు. రెండోసారి కడుపు నిలిచినప్పుడు శివరాం కత్తెరకు దూరమయ్యాడు. కడుపుతో ఉన్నదాని మొగుడు వెంట్రుక తీయించుకోకూడదన్నది వాళ్ళ ఇళ్ళలో కట్టు. మొదటిసారి దాన్ని అతను పట్టించుకోలేదు. రెండోసారి పట్టించుకోకుండా ఉండే ధైర్యం లేకపోయింది. బిడ్డ దక్కితే మాహూర్ కొండెక్కి గడ్డం అమ్మవారికి ఇస్తానని మొక్కుకున్నాడు.

పూనమ్ పుట్టింది. పిడికెడంత పిల్ల. దవాఖానాలో అద్దాల పెట్టెలో పెట్టారు. పిల్ల ఇంటికొచ్చాక తీస్తానన్నాడు, కాస్త ఒళ్ళు చేశాక తీస్తానన్నాడు, కూర్చున్నాక అన్నాడు. చివరికి ఏడాది నిండాక అందరూ కలిసి మాహూర్ వెళ్ళారు. కైలాస్ కత్తి పట్టుకుని వచ్చాడు. గుడి మెట్ల పక్కన శివరాం కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కైలాస్ కత్తి తెరవగానే పిల్ల రెండు పిడికిళ్ళతో తండ్రి గడ్డం పట్టుకుంది. విడిపిస్తే ఏడ్చింది. మళ్ళీ పట్టుకుంది. మూడోసారికి కైలాస్ కత్తి మడిచేశాడు.

"ఆమెది ఆమె పట్టుకుంది. తీసుడు నాతోని కాదు."

అమ్మవారికి పిల్ల పుట్టువెంట్రుకలిచ్చి, తప్పయితే కాయమని దండం పెట్టి దిగి వచ్చారు. అప్పటి నుంచీ బజారులో అది దాఢీ శివరాం గడ్డమైనా, ఇంట్లో మాత్రం పూనమ్ గడ్డమే. పిల్ల నడక నేర్చింది దాన్ని పట్టుకునే. బడికి పోనని మారాం చేసినా, పరీక్ష తప్పి ఏడ్చినా, వచ్చి దాన్నే పట్టుకునేది.

ఆ పూనమ్‌ను కైలాస్ తన ఒక్క కొడుకు మంగేశ్‌కు చేసుకున్నాడు. వియ్యంకులయ్యాక బావా అని పిలవాలని అందరూ నేర్పబోయారు. శివరాంకు నోరు తిరగలేదు. అన్నా అనే పిలుస్తూ వచ్చాడు.

మంగేశ్‌ది అదే ఊరి వజీరాబాద్ పేటలో ఏసీ సెలూన్. పెళ్ళికొడుకులకు, కాలేజీ పిల్లలకు గడ్డాలు గీతలు గీసినట్టు దిద్దుతాడు. ఆ పని చేసేవాడి మొహం గిరాకీకి నమూనా కావాలి కదా, తనదీ ఎప్పుడూ తీర్చి ఉంచుకునేవాడు. పూనమ్‌కు మొదటి కడుపు పోయింది. రెండోదీ పోయింది. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ తగిలిందేమో, మూడోసారి డాక్టరమ్మ నిలిచిందని చెప్పిన రోజునే ట్రిమ్మర్ తన మొహానికి దూరం పెట్టేశాడు. నెలలు గడిచేసరికి చెంపలు, మెడ కలిసిపోయి పొదలా అయింది. నమూనా బాగుందన్నా అని గిరాకీలు ఆటపట్టిస్తే ఊరుకునేవాడు. కైలాస్ మాత్రం కొడుకు గడ్డం వైపు చూసి, కత్తెర ఉన్న చేతిని వెనక్కి పెట్టుకుని, "ఉండనియ్, ఉండనియ్," అనేవాడు.

పూనమ్‌కు ఎనిమిదో నెల నడుస్తుండగా కైలాస్ పోయాడు. పొద్దున దుకాణం తెరిచి, దేవుడికి అగరుబత్తి వెలిగించి, చాయ్ తాగుతూ గిరాకీ కుర్చీలోనే ఒరిగిపోయాడు. మంగేశ్ నిప్పు పెట్టాడు. ఒక్కడే కొడుకు, అది తప్పదు.

ఆ తర్వాత వచ్చిన సోమవారం శివరాం దుకాణం తలుపు సగం వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో అతనికే తెలియదు. గడ్డం ఎడమ పక్కన రెండు వెంట్రుకలు బయటికి నిలబడి ఉన్నాయి. అద్దంలో వాటిని చూస్తూ చాలాసేపు ఉన్నాడు. కత్తెర చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాడు.

పదో రోజు దగ్గరికొచ్చింది. పదో రోజంటే గోదావరి ఘాట్ మీద కొడుకు తల, మీసం, గడ్డం తీయించుకుని పిండం పెట్టాలి. వాళ్ళలో ఆ పనికి కిరాయి మనిషిని పిలవరు. చచ్చినవాడు కత్తి పట్టి బతికినవాడు, అతని కొడుకు తలమీద పైసలకు పనిచేసే చెయ్యి పడకూడదంటారు. వియ్యంకుడే కత్తి పట్టాలి. అంటే శివరామే మంగేశ్ గడ్డం తీయాలి.

ముందురోజు సాయంత్రం పూనమ్ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఆమె కాన్పుకు పుట్టింట్లోనే ఉంది.

"బాపూ, రేపు ఆయన గడ్డం నువ్వే తీస్తవా?"

"రివాజ్ అది బిడ్డా."

"తీయకపోతే మామకు గతి ఉండదంటున్నరు. తీస్తే నాకు భయమైతది. మామ నన్ను బిడ్డ లెక్క చూసిండు. నేను ఏమని అడగాలె?"

పూనమ్ కాసేపు తండ్రి గడ్డం కొస పట్టుకుని కూర్చుని, ఏమీ అడగకుండానే లేచి లోపలికి పోయింది. తీయొద్దని అడిగి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. అడిగితే కాదనడానికో, సరేననడానికో ఒక మాట ఉంటుంది. అడగని దానికి ఏం చెప్పాలి?

పొద్దున ఘాట్ మీద రెండు మూడు కుటుంబాలు ఉన్నాయి. వానాకాలం నీళ్ళు ఇంకా ఎర్రగానే పోతున్నాయి. కైలాస్ భార్య అనుసూయాబాయి పై మెట్టు మీద కూర్చుంది. కైలాస్ వాడిన కత్తిని గుడ్డలో చుట్టి తెచ్చి శివరాం చేతిలో పెట్టింది. కైలాస్‌కు తోడబుట్టిన అన్న గజానన్ కింద మెట్టు దగ్గర నిలబడి ఏర్పాట్లు చూస్తున్నాడు. చిన్నవాడు పోతే పెద్దవాడు తల తీయించుకోడు, కాబట్టి ఆయన వంతు లేదు. తీయించుకోవలసింది మంగేశ్ ఒక్కడే.

మంగేశ్ పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"తీయ్ మామా."

శివరాం అతని తల తడిపాడు, గడ్డం తడిపాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఎన్నో మొహాల మీద నడిచిన చెయ్యి. పెళ్ళికొడుకుల మీద, ముసలివాళ్ళ మీద, మంచంలో ఉన్న రోగుల మీద ఎన్నడూ ఆగలేదు. ఆ రోజు మంగేశ్ చెంప దగ్గరికి పోయి ఆగిపోయింది. కత్తి కింద పెట్టి శివరాం, పిండం పెట్టించే గురూజీ వైపు చూశాడు.

"అన్న కోడలు కడుపుతోని ఉన్నది గురూజీ. ఏమంటరు?"

గురూజీ మరాఠీలో తీరిగ్గా చెప్పాడు. తండ్రి కోసం తీయించుకుంటే దోషం లేదన్నాడు. నెలలు నిండే వేళ మనసు ఒప్పకపోతే ఆపి, కాన్పయ్యాక తీయించుకున్నా నడుస్తుందన్నాడు. ఏదో ఒకటి ఇంటి పెద్దలే తేల్చుకోవాలన్నాడు. అడిగినదానికి జవాబైతే వచ్చింది గానీ, బరువు మాత్రం దిగలేదు.

గజానన్‌కు కోపం వచ్చింది. "తండ్రి పోతే కొడుకు వెంట్రుక తీయకపోవుడేంది? పిండం కాకి ముట్టకపోతే ఎవలు జవాబిస్తరు? నా తమ్మునికి ఒక్క తల కూడ దొరకదా?"

ఆ మాటకు మంగేశ్ కళ్ళు తెరవకుండానే ఏడ్చాడు. తడిసిన గడ్డంలోకి కన్నీళ్ళు జారి కనబడకుండా పోయాయి. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? తమ్ముడి కోసం ఒక తల అడుగుతున్నాడు. తొమ్మిది రోజుల నుంచి ఆయనా సరిగ్గా తిండి తినలేదు.

శివరాం మంగేశ్ భుజం పట్టి లేపాడు. ఆ పీట మీద తాను కూర్చున్నాడు. కత్తి మంగేశ్ చేతికిచ్చాడు.

"నాది తీయ్."

గజానన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "వియ్యంకుడు తీయించుకునుడు ఎక్కడన్న ఉన్నదా బావా? ఏ లెక్కన కూసున్నవ్?" అన్నాడు.

"వియ్యంకుని లెక్కన కాదు. మేము ఒక్క ఉస్తాద్ చేతి కింద పని నేర్చుకున్నం. ఉస్తాద్ పోతే కైలాస్ అన్న, నేను పక్కపక్కన కూసొని తీయించుకున్నం, నువ్వు చూసినవ్. నేను ఆయన తమ్మున్ని. తల మీద నాకు ఏం లేదు, దేవుడు ముందే తీసుకున్నడు. ఇది ఉన్నది. పిల్లగానిది కాన్పయినంక నేనే తీస్త, ఇదే ఘాట్ మీద. అప్పటి దాంక అన్నకు నాది సరిపోతది."

గజానన్ గడ్డం వైపు చూశాడు, గోదావరి వైపు చూశాడు. తేల్చలేక అనుసూయాబాయి వైపు చూశాడు. ఆమె మెల్లగా మెట్లు దిగి వచ్చింది. వచ్చి శివరాం ముందు నిలబడి ఆ గడ్డాన్నే చూస్తూ ఉండిపోయింది. ప్రతి సోమవారం భర్త ఇంట్లోంచి పల్లీలు జేబులో పోసుకుని ఎక్కడికి పోయేవాడో ఆమెకు తెలుసు.

"ఆయన చేతి పని ఆయనకే ఇస్తనంటుండు శివరామన్న," అంది. "ఇగ ఎవ్వలు ఏమనకుండ్రి."

మంగేశ్ మామ గడ్డాన్ని నీళ్ళతో తడిపాడు. ముందు కత్తెరతో బారు తగ్గించాలి. ఎడమ చేత్తో గడ్డం కింది నుంచి పైకెత్తాడు, తండ్రి ఎత్తినట్టే. చిన్నప్పటి నుంచి చూసిన పని అది. కత్తెర చప్పుడు మొదలైంది.

"మామా, దవడ కదిలియ్యకు," అన్నాడు కాసేపటికి.

శివరాంకు అప్పుడు తెలిసింది. ఉత్త నోటినే నములుతున్నాడు. ఇన్నేళ్ళ అలవాటుకు, కత్తెర చప్పుడు వినగానే దవడ దానంతట అదే కదులుతోంది. ఆపాలని చూశాడు, ఆగలేదు. దుఃఖం పొంగుకొచ్చింది. కైలాస్ పోయిన రోజు రానిది, చితి దగ్గర రానిది, ఆ పీట మీద వచ్చింది. మంగేశ్ కత్తెర దించి, మామ తలను తన పొట్టకు ఆనించుకుని నిలబడ్డాడు. ఏడ్చినంతసేపూ అట్లాగే పట్టుకుని, తర్వాత మళ్ళీ కత్తెర, ఆ వెనుక తండ్రి కత్తి తీసుకున్నాడు.

తెల్లని వెంట్రుకలు, నడుమ ఉన్న నల్లచార, అన్నీ పరచిన గుడ్డలో పడ్డాయి. మీసం కూడా తీశాక శివరాం దవడలు చేత్తో తడుముకున్నాడు. గాలి తగిలి చల్లగా ఉన్నాయి. వేరెవరి మొహాన్నో తాకుతున్నట్టు అనిపించింది.

స్నానాలయ్యాయి. మంగేశ్ పిండం పెట్టి దూరంగా జరిగాడు. అందరూ కాకి కోసం చూశారు. పక్క కుటుంబం పిండం దగ్గరికి ఒక కాకి వచ్చింది, తిన్నది, ఎగిరిపోయింది. వీళ్ళ వైపు రాలేదు. గజానన్ చేతులు నలుపుకున్నాడు. కోడల్ని చూసుకుంటామని, మనవడో మనవరాలో వస్తే నీ పేరు చెప్పుకుంటామని అనుసూయాబాయి పిండం వైపు తిరిగి మెల్లగా చెప్పింది. మంగేశ్, కాన్పయ్యాక వచ్చి తీయించుకుంటాను బాబా అని తండ్రికి చెప్పాడు. శివరాం వెంట్రుకల గుడ్డ మూట చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఎండ మెట్ల మీదికి దిగింది. కొంతసేపటికి ఒక కాకి గట్టు మీద వాలి, అటూ ఇటూ చూసి, గెంతుకుంటూ వచ్చి ముద్దను ముక్కుతో పొడిచింది. ఎందుకాలస్యం చేసిందో, ఎందుకొచ్చిందో కాకికే తెలియాలి. గజానన్ మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. శివరాం నీళ్ళలోకి దిగి మూట విప్పాడు.

అతను ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఘాట్ నుంచి వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రాకూడదు, అందుకని గుమ్మం బయటే నిలబడి పిలిచాడు. పార్వతీబాయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎవరో పరాయి మగమనిషి అనుకుని కొంగు సర్దుకుంది. తర్వాత, పిలిచింది మొగుడి గొంతేనని గుర్తొచ్చి, ఆ మొహంలో తన పెళ్ళినాటి మొహాన్ని వెతుక్కుంటూ చెంబు పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

"మంగేశ్‌ది?" అంది.

"ఉన్నది."

పూనమ్ లోపలి నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆమె పుట్టాక తండ్రి దవడలు చూడటం అదే మొదలు. దవడ కింద తనకున్నట్టే చిన్న నొక్కు ఉంది. తనది ఎక్కడి నుంచి వచ్చిందని చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగేది, ఎవరూ చెప్పలేదు. వచ్చింది ఏడుపో కోపమో ఆమెకే తెలియలేదు.

"నా గడ్డం ఎవలు తీయమన్నరు బాపూ?"

శివరాం కాళ్ళు కడుక్కోవడం పూర్తిచేసి, గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"నువ్వు దక్కినవ్ గదా బిడ్డా. ఇగ నీకు దాంతోని పనేమున్నది?"

పూనమ్ చెయ్యి అలవాటుగా ముందుకు వచ్చింది. ఎప్పుడూ పట్టుకునే చోట పట్టుకోవడానికి ఏమీ లేదు. కాసేపు గాలిలో ఆగి, ఆ చెయ్యి పైకి పోయి తండ్రి దవడను పట్టుకుంది.